నేను తూచిన రక్షణ

నన్ను క్రైస్తవుణ్ణి చేయాలని ఇప్పటికి నూరుమంది ప్రయత్నించారు. అబద్ధం. ఒక్కతే. కాని ఆ ఒక్కతే ముప్పై ఏళ్లుగా రోజూ పొద్దున పది గంటలకు మా కిరాణా దుకాణం ముందున్న బెంచీ మీద కూర్చుని ప్రయత్నించింది కాబట్టి, నూరుమంది కింద వేసుకున్నా తప్పులేదు.

మా దుకాణం కాశిబుగ్గలో. ఇప్పుడు గల్లా మీద కొడుకు కూర్చుంటాడు. నేను పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని వచ్చేపోయేవాళ్లను ఆటపట్టిస్తాను. డెబ్బై నాలుగేళ్ల వయసులో నాకు మిగిలిన వ్యాపారం అదొక్కటే. ఆమె సర్కారు ప్రసూతి దవాఖానలో రాత్రి డ్యూటీ ఆయాగా చేసి రిటైరైంది; ఆ రోజుల్లో డ్యూటీ దిగి ఇంటికి పోతూ మా బెంచీ మీద ఆగేది. మగ్గం నేసే భర్త ఎప్పుడో పోయాడు. ఒక్కతే కూతురు. ఆమె నన్ను సేటు అంటుంది, నేనామెను చెల్లె అంటాను.

ముప్పై ఆరేళ్ల కిందట ఆమె నమ్మి బాప్తిస్మం తీసుకుంది. ఆమె చెప్పేదాంట్లో నాకర్థమైన సంగతి ఇది. మనిషి ఒక్కసారి మనసారా నమ్మి ఒప్పుకుంటే రక్షణ దొరుకుతుంది. దొరికాక ఇక పోదు. పట్టుకున్న చెయ్యి దేవుడిది కాబట్టి మనం జారినా ఆయన వదలడు. కొన్ని సంఘాలవాళ్లు పోతుందనే అంటారట. వీళ్ల సంఘం మాత్రం చస్తే పోదంటుంది.

"ఒక్కసారి ఒప్పుకో సేటు. ఇగ ఫికర్ లేదు."

"ఒప్పుకున్నంక నేను పప్పుల రాళ్లు కలిపి అమ్మిననుకో?"

"ఇప్పుడు అమ్ముతనే ఉన్నవ్ గద. ఒప్పుకుంటె బుద్ధి పుట్టి బందువెడ్తవ్."

"బుద్ధి పుట్టలే. మళ్ల అమ్మిన. అప్పుడు?"

"దెబ్బ కొడ్తడు. గని ఇడువడు. తండ్రి కొట్టిండని కొడుకు కాకుంట పోతడా?"

"గట్లయితె జర మంచి బేరమే."

"బేరం గాదు, ఉత్తగ ఇస్తాండు. గందుకే నీ అసోంటి దుకాణపోనికి సమజ్ కాదు."

వాళ్ల పాస్టరును చాలాకాలం నేను లౌడ్‌స్పీకర్ ద్వారానే ఎరుగుదును. నలభై మంది పట్టే రేకుల హాలు, నాలుగు వేలమందికి సరిపోయే స్పీకర్లు. "ఈ రక్షణ పోతుందా?" అని ఆయన అరుస్తాడు. "పోదు!" అని లోపలివాళ్లు అరుస్తారు. "సాతాను తీసుకుపోగలడా?" "లేడు!" "లోకం తీసుకుపోగలదా?" "లేదు!" ప్రతి ఆదివారం ఇదే. మా గల్లీ కుక్కలకు కూడా రక్షణ పోదని కంఠతా వచ్చు. అంత ఖాయంగా ఉన్నదాన్ని వారం వారం అంత గట్టిగా ఎందుకు అడిగి రూఢి చేసుకోవాలో నాకు ఏనాడూ అర్థం కాలేదు. నా గల్లాపెట్టెకు తాళం వేశానని తెలిస్తే నేను పడుకుంటాను. వీధిలోకి వచ్చి అరవను.

ఆయన్ని తక్కువ చేసి మావాళ్లను ఎక్కువ చేస్తున్నానని అనుకోకండి. మావాళ్ల భక్తినీ నేనే అమ్మాను. రెండేళ్లకోసారి మేడారం జాతర వస్తుంది. అక్కడ బెల్లాన్ని బెల్లమనరు, బంగారమంటారు. ఎవరి కోసం మొక్కుకున్నారో వాళ్లను తరాజు ఒక తట్టలో కూర్చోబెట్టి, రెండో తట్టలో సరితూగేదాకా బెల్లం పెట్టి, ఆ ఎత్తు బంగారాన్ని తల్లుల గద్దెల దగ్గర సమర్పిస్తారు. మిగతా రోజుల్లో మా దుకాణంలో ఎలక్ట్రానిక్ కాంటా. జాతర నెలలో మాత్రం దూలానికి గొలుసుల తరాజు వేలాడుతుంది. ఆ నెలలో నేను అమ్మే బెల్లం ఎలాంటిదో ఇంతకాలం ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను: ఇంట్లో పాయసానికి నేను దాన్ని వాడను.

మొన్నటి జాతరకు పది రోజుల ముందు, మధ్యాహ్నం పూట, కొడుకు అన్నానికి పోయి దుకాణంలో నేనొక్కణ్ణే ఉన్నప్పుడు ఆమె వచ్చింది. అది ఆమె వచ్చే వేళ కాదు. మెత్తటి పాత చీరముక్కలో మూడు నెలల మనవరాలిని చుట్టుకుని వచ్చింది. గల్లీకి అటూ ఇటూ చూసింది.

"సేటు, తరాజు దించు."

"ఎవలికి?"

"అడుగకు. దించు."

నేను అడగకుండా ఉండే మనిషినైతే ఈ కథే లేదు. అడిగాను. మళ్లీ అడిగాను. చివరికి చెప్పింది. కూతురికి అంతకుముందు రెండుసార్లు కడుపు పోయింది. మూడోసారి తొమ్మిదో నెలలో రక్తం పడితే, తాను పనిచేసిన దవాఖానకే తీసుకుపోయింది.

"ఆపరేషన్ రూం తలుపు మూసిండ్రు. నేను మోకాళ్ల మీద కూసున్న. ముప్పై ఏండ్లు గా తలుపు బయట కూసున్నోళ్లకు దేవుడున్నడని చెప్పిన నేనే. ప్రార్థన చేద్దామని నోరు తెరిస్తె మా అమ్మ మాటలు వచ్చినయ్ సేటు. 'తల్లీ, ఇద్దరు పానంతోని బయటపడితె ఎత్తు బంగారం పెడ్త' అన్న. అని నోరు మూసుకున్న. గని అప్పటికే అన్న."

"మరి మీ దేవుడు ఏమనుకుంటడు?"

"గది నాకూ ఆయనకు. నువ్వు దించు."

"ఎవలి ఎత్తు మొక్కినవ్? పెద్దదానిదా, చిన్నదానిదా?"

"గది చెప్పలే."

"మొక్కుల గంత సందు ఇడిస్తె ఎట్ల చెల్లె? రేపు ఆ తల్లి పెద్దదాని ఎత్తే కావాలంటె? అరవై కిలోలు."

"నువ్వయితె అడుగుతవ్. ఆమె అడుగది."

అప్పుడు నా కళ్లు చెమర్చాయని, మౌనంగా తరాజు దించానని రాస్తే బాగుంటుంది. నేను నవ్వాను. ముప్పై ఏళ్లు నాకు నేర్పిన పంతులమ్మ పరీక్షలో నా కాగితం చూసి రాస్తుంటే పట్టుకున్నట్టు నవ్వాను. నవ్వుతూనే దించాను. ఆమె పిల్లను తట్టలో పడుకోబెట్టి, తట్ట కింద చెయ్యి పెట్టింది.

"చెయ్యి తియ్యి చెల్లె, తూకం తప్పుతాంది."

వేలెడు దూరం తీసింది. పిల్ల గొలుసు పట్టుకుని నన్ను చూసింది. ఐదు కిలోలకు ముల్లు నిలబడింది. ఇంటికి వాడే మంచి బెల్లం పెట్టాను. ఇది అబద్ధం కాదు, ఆ ఒక్కసారి పెట్టాను.

"నువ్వు పోతాన్నవ్ గద జాతరకు. నీ దాంట్ల కలిపి పెట్టు. నేను రాను, మొక్క. అన్న మాట తీర్చుడే. ఎవ్వలకు చెప్పకు."

"నా నోట్ల నువ్వుగింజ నానదా ఏంది?"

"నీ నోట్ల ఏం నానదు సేటు. గందుకే మళ్ల చెప్పుతాన్న."

ఆ బంగారాన్ని గద్దె మీద నా చేతులతో నేనే సమర్పించాను అని ఆమెకు చెప్పాను. నిజానికి ఆ జనంలో గద్దె కనపడేంత దూరంలో నిలబడి గాల్లోకి విసిరాను. ఎవరి వీపు మీద పడిందో ఆ తల్లులకే తెలియాలి.

ఇక చెప్పాల్సింది చెబుతాను. జాతర అయిన వారానికి వాళ్ల సంఘ పెద్ద మా దుకాణానికి చక్కెర కోసం వచ్చాడు. బట్టల మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా, ఎదుటివాడి పాపం వాసన పసిగడుతున్నట్టు ముక్కు పైకెత్తి మాట్లాడతాడు. నాకు ఆ ముక్కును కిందికి దించాలనిపించింది.

"ఏం పెద్దయ్యా, రక్షణ పోదంటరు గద మీరు?"

"పోదు. సంశయమే లేదు."

"మరి మీ రక్షణామె మొన్న మా తరాజు ఎక్కె."

ఆయన ముక్కు నిజంగానే దిగింది. అక్కడ ఆగవలసింది. ఎదుటి ముఖం మారుతుంటే నేను ఆగలేను. ఇది నాకు చిన్నప్పటినుంచి ఉన్న జబ్బు. ఐదు కిలోలు క్వింటాలు అయింది. పిల్లకు బదులు ఆమెనే తట్టలో కూర్చోబెట్టాను. మేడారం తీసుకుపోయాను. గద్దె ముందు జుట్టు విరబోసుకుని పూనకం ఊగించాను. ఆయన చక్కెర మరిచిపోయి వెళ్లాడు. నేను ఆ సాయంత్రమంతా ఆ ముఖాన్ని తలచుకుని నవ్వుకున్నాను.

నెలలో మొదటి ఆదివారం వాళ్ల మందిరంలో రొట్టె ముక్కలు, ద్రాక్షరసం ఉన్న పళ్లెం వరుసల వెంట తిరుగుతుంది. దాన్ని బల్ల అంటారు. తప్పు చేసినవాళ్లకు బల్ల ఆపుతారు. ఆపటమంటే ఏమీ లేదు, పళ్లెం వాళ్ల ముందునుంచి దాటిపోతుంది. నలభై మందిలో ఒక్కరి ముందునుంచి పళ్లెం దాటిపోతే మిగతా ముప్పై తొమ్మిది మంది ఎటు చూస్తారో మీకు చెప్పక్కరలేదు.

వారం రోజులు బెంచీ ఖాళీగా ఉంది. ఎనిమిదో రోజు వచ్చి కూర్చుంది. బోధ లేదు.

"నన్ను బల్ల ఆపిండ్రు సేటు."

నేను బియ్యంలో రాళ్లు వెతుకుతున్నట్టు చేట అందుకున్నాను.

"ఏమని?"

"మేడారం పోయిన్నట. తరాజు ఎక్కిన్నట. పూనకం ఊగిన్నట. క్వింటాల్ బంగారమట." నా వైపు చూసింది. "క్వింటాల్ అన్నప్పుడే సమజైంది ఎవల నోరో."

నేను చేటను ముఖానికి ఇంకా దగ్గరగా ఎత్తుకున్నాను. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది.

"బల్ల ఆపినందుకు గాదు నా ఏడ్పు. తప్పు చేసిన, ఆపిండ్రు. ఒప్పుకున్న, కాళ్ల మీద పడ్డ. కొడితె పడ్త. గని అయ్యగారు ఏమంటాండంటె, నా రక్షణ పోలేదట. పోదట. అసలు నాకు రాలేదట. వస్తె నేను గీ పని చేద్దునా అంటాండు." బెంచీ అంచును బొటనవేలితో తుడిచి మళ్లీ అంది. "ముప్పై ఆరేండ్ల నుంచి నేను ఎవలి బిడ్డను సేటు?"

నలభై ఏళ్లు ఉప్పూ పప్పూ అమ్మాను గాని ఈ ఒడుపు నాకెన్నడూ తట్టలేదు. మా బియ్యానికి పురుగు పట్టదని బోర్డు పెట్టాలి. పురుగు పట్టిన బియ్యంతో ఎవరైనా వస్తే, ఇవి మా బియ్యమే కాదనాలి. బోర్డు అబద్ధం కాదు, సేటు అబద్ధం కాదు, సంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డవాడే అబద్ధం. పోతుందని చెప్పే సంఘాలే నయమనిపించింది. పోయిందంటే ఒకప్పుడు ఉండేదన్న మాటైనా మిగులుతుంది. ఈయన పోదని చెప్పి, ఉన్ననాళ్లను కూడా వెనక్కి తీసుకున్నాడు.

మర్నాడు పాస్టరు దగ్గరికి పోయాను. రెండు గంటలు వాదించాను. నా ప్రశ్నలకు ఆయన చెమటలు పట్టి, మంచినీళ్లు తెప్పించుకున్నాడు. ఇట్లా మా కొడుకుకు చెప్పాను. మీకు మాత్రం నిజం చెబుతాను: వాదన పది నిమిషాలు, మంచినీళ్లు అడిగింది నేను.

మైకు లేకుండా చూస్తే పాస్టరు చిన్న మనిషి. మర్యాదగానే కూర్చోమన్నాడు. నేను ఐదు కిలోల సంగతి చెబుదామని పోయాను. అక్కడ సంఘ పెద్ద కూర్చుని ఉండటంతో, "క్వింటాల్ కాదేమో, జర తక్కువే ఉండొచ్చు" అని మాత్రం నసిగాను.

"పరిమాణం ప్రధానం కాదండీ," అన్నాడు పాస్టరు. "నిజమైన విశ్వాసి విగ్రహం వైపు తిరగడు. తిరిగిందంటే హృదయంలో మార్పు ఎన్నడూ జరగలేదన్నమాట."

"అంటే ఎవరికి జరిగిందో మీకెట్ల తెలుస్తది?"

"చివరిదాకా నిలిచినవారికి జరిగినట్టు."

"గంటే చచ్చేదాంక ఎవ్వలకు తెల్వదు. మరి ప్రతి ఆదివారం మీరు పోదని అరిపిచ్చేది ఎవలితోని?"

ఈ చివరి ప్రశ్న నేను గేటు దాటి రోడ్డు మీదికి వచ్చాక తోచింది. లోపల నేను తల ఊపాను. ఆయన ఒక దారి చూపించాడు. వచ్చే మొదటి ఆదివారం ఆమె సంఘం ముందు నిలబడి, పాత సాక్ష్యం, అంటే తనకు రక్షణ దొరికిందని ఇన్నాళ్లూ చెప్పుకున్న మాట, నిజం కాదని చెప్పి, కొత్తగా నమ్మి, మళ్లీ బాప్తిస్మం తీసుకుంటే పళ్లెం ఆమెకు అందుతుంది.

నాకు ఎంత సంతోషం వేసిందో! నా పాపం ఒక తొట్టి నీళ్లలో కొట్టుకుపోతుందనుకున్నాను. పరుగున వెళ్లి ఆమెకు చెప్పాను.

"అల్కగనే ఉన్నది చెల్లె. ఒక్కసారి మునిగి లేస్తె అయిపాయె. నీళ్లే గద."

ఆమె తల అడ్డంగా ఊపింది.

"ముప్పై ఏండ్లు కాన్పులు చూసిన సేటు. అడ్డం తిరిగినోళ్లను చూసిన, ఏడ్వనోళ్లను చూసిన. పుట్టినోన్ని మళ్ల పుట్టమన్నోన్ని చూడలే."

"అబద్ధమని ఒక్క మాట అంటె బల్ల దొరుకుతది గద."

"నీకు అబద్ధం అల్కగ వస్తది. నాకు రాదు."

ఆ ఆదివారం నేను వాళ్ల మందిరానికి పోయాను. ముప్పై ఏళ్లు పిలిస్తే పోనివాణ్ణి, పిలవకుండా పోయాను. ఎడమవైపు మగవాళ్లు, కుడివైపు ఆడవాళ్లు, మధ్య దారి. వేదిక పక్కన నీలం ప్లాస్టిక్ తొట్టి నిండా నీళ్లు పెట్టి ఉంచారు. ఆమె కోసమే. ఆమె మూడో వరుసలో, కొంగు తలమీద కప్పుకుని, ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చుంది. ఇవాళ పాత సాక్ష్యం కాదనుకుంటుందా, బల్ల వదులుకుంటుందా అని హాలంతా ఆమె వీపును చూస్తోంది.

సాక్ష్యాల వేళ పాస్టరు ఆమె వైపు చూశాడు. ఆమె కంటే ముందు నేను లేచాను. పక్కవాడి భుజం ఆసరా తీసుకున్నాను. అది వయసు అని చెప్పుకుంటాను.

"నేను ఈ గల్లీల దుకాణపోన్ని. అందరికి ఎర్కే. తప్పు నాది. ఆమె మేడారం పోలే. పూనకం ఊగలే. అవన్నీ నేను కల్పించి పెద్దయ్యకు చెప్పిన. క్వింటాల్ గూడ అబద్ధం."

ఇంతవరకు బాగుంది. అందరూ నావైపే చూస్తున్నారు. నలభై ముఖాలు. నా జబ్బు తిరగబెట్టింది.

"బెల్లం నేనే తూచిన. ఆమె వద్దన్నది. ఏడ్సింది. పసిపిల్లను ఆమె చేతులకెల్లి నేనే గుంజుకొని తరాజుల..."

"అబద్ధం. కూసో సేటు," అంది మూడో వరుస నుంచి గొంతు.

ఎవరో పిల్లలు కిసుక్కుమన్నారు. నేను కూర్చున్నాను. ఆమె లేచింది. వేదిక దగ్గరికి పోలేదు, తన చోటే నిలబడింది.

"అయ్యగారూ, పిల్లను నేనే కూసోబెట్టిన. మొక్కింది నేనే. ఐదు కిలోలు. ఐదు కిలోలు గూడ తప్పే. మీరు బల్ల ఆపిండ్రు, ఆపుండ్రి, గది మీ చేతుల ఉన్నది. గని ముప్పై ఆరేండ్ల కింద ఆయన నన్ను పట్టుకోనేలేదని చెప్పమంటె నేను చెప్ప. పట్టుకున్నడు. ఇడిపిచ్చెటోడు ఎవ్వడు లేడని వారం వారం మైకుల మీరే అంటరు. ఎవ్వడు లేడంటె, అందుల మీరు గూడ ఉన్నరు గద అయ్యగారూ."

కూర్చుంది.

ఆ హాలులో మొదటిసారి స్పీకర్లకు పని లేకుండా పోయింది. పాస్టరు నోరు తెరిచి, మైకును కొంచెం దూరం జరిపి, మళ్లీ దగ్గరికి తీసుకున్నాడు. కీబోర్డు వాయించే అతను జాలిపడి పాట ఎత్తుకున్నాడు. అందరూ అందుకున్నారు. సిద్ధాంతాన్ని ఇంతకాలం అరిచినవాళ్లందరిలోకీ దాన్ని నిజంగా నమ్మిన మనిషి ఒక్కతే కనబడి, ఏం చేయాలో తోచక పాడుకున్నారు.

తరువాత పళ్లెం బయలుదేరింది. మొదట మగవాళ్ల వైపు. తెచ్చేది సంఘ పెద్దే. కంగారులో ఉన్నాడో, వరుసలో ఉన్నవాళ్లందరూ తమవాళ్లే అనుకున్నాడో, పళ్లెం తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. బొట్టు పెట్టుకున్న దుకాణపోని చేతుల్లో, జాతర బెల్లం అమ్మిన చేతుల్లో.

నేను లేచి, మధ్యదారి దాటి, ఆ పళ్లెం తీసుకుపోయి ఆమె ఒడిలో పెట్టాను. హాల్లో అందరూ నిశ్చేష్టులయ్యారు.

లేదు. పెట్టలేదు. పక్కవాడికి అందించాను. బస్సులో టికెట్ డబ్బులు ముందుకు అందించినట్టు, చూపు కూడా తిప్పకుండా అందించాను.

పళ్లెం ఆడవాళ్ల వైపు పోయింది. మూడో వరుసకు వచ్చింది. ఆమె పక్కనున్నావిడ తన ముక్క తీసుకుంది. సంఘ పెద్ద పళ్లెం అందుకుని పైకెత్తి, ఆమె తల మీదుగా అవతలావిడకు ఇచ్చాడు. ఆమె చేతులు ఒడిలోనే ఉన్నాయి. తలెత్తి పాడుతూనే ఉంది. ఆమె గొంతు బాగుండదు. శ్రుతి ఒకచోట, ఆమె ఒకచోట. అయినా అన్నిటికంటే గట్టిగా అదే వినబడింది.

బయట చెప్పుల దగ్గర కలిశాను. క్షమించమని అడుగుదామనుకున్నాను. అడిగానని రాస్తే మీరు నమ్మరు.

"ఇగ ఏం జేస్తవ్ చెల్లె? వేరే సంఘం చూసుకుంటవా?"

"ఎందుకు? వచ్చే నెల గూడ గీడికే వస్త. గదే చోట కూసుంట. ఎన్ని నెలలు దాటిస్తరో చూస్త."

"ఎన్నటికి ఇయ్యకపోతె?"

"ఇయ్యకపోతె ఇయ్యరు. రొట్టె ముక్క లేదని ఆయన నన్ను గుర్తువట్టడా?"

తొట్టి నీళ్లను మధ్యాహ్నం మొక్కలకు పోశారని విన్నాను. అప్పటినుంచి ఐదు మొదటి ఆదివారాలు గడిచాయి. ఆమె పోతూనే ఉంది, పళ్లెం దాటిపోతూనే ఉంది. పాస్టరు స్పీకర్లో రక్షణ గురించి మునుపటంత గట్టిగా అడగటం లేదు. ఈమధ్య కానుకల గురించి ఎక్కువగా చెబుతున్నాడు. ఆ సిద్ధాంతం నాకు ఇప్పటికీ అమ్ముడుపోని సరుకును అంటగట్టే మాటలాగే ఉంటుంది. కాని ఆమె చేతిలో ఉన్నప్పుడు అది వేరే వస్తువు. అది నాకెందుకు అట్లా కనబడుతుందో ఆలోచించను. ఆలోచిస్తే పెంచి చెబుతాను.

పోయిన ఆదివారం, పళ్లెం తెచ్చిన సంఘ పెద్ద ఆమె ముందు ఒక క్షణం ఆగాడట. ఇచ్చాడని కాదు. ఆగాడు, తరువాత దాటిపోయాడు. నేను అక్కడ లేను, ఆమే చెప్పింది. ఎంతసేపు ఆగిండని అడిగితే, "రెప్ప కొట్టినంత సేపు" అంది.

ఆమె చెప్పింది కాబట్టి, అది అంతే అయి ఉంటుంది.